తిరగలిని తాకట్టు పెట్టవచ్చునా?



ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము 6వ వచనములో ఒక చిన్న ఆజ్ఞ ఉంది. చాలామంది చదివి దాటిపోతారు. అప్పిచ్చేవాడు పేదవాని ఇంటి తిరగలిని గాని, దాని పైరాతిని గాని తాకట్టుగా పట్టుకొనకూడదని దేవుడు ఇశ్రాయేలీయులకు చెప్పాడు. తిరగలి పోతే ఆ ఇంట పిండి లేదు, పిండి లేకపోతే రొట్టె లేదు. కాబట్టి తిరగలిని పట్టుకొన్నవాడు ఆ ఇంటి ప్రాణమును పట్టుకొన్నట్టే. ఈ నెల మనము మాట్లాడుకొనబోయేది హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాలలో మన పిల్లలు పెడుతున్న కొత్త కంపెనీల గురించి. తిరగలికీ కంప్యూటరుకూ సంబంధమేమిటని మీకు తోచవచ్చు. కొంచెము ఓపికగా చదవండి.

డెల్టా ప్రాంతములోని ఒక గ్రామమునుండి ఒక తల్లి మాకు ఉత్తరము వ్రాశారు. ఆమె కుమారుడు ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో మూడేళ్ళు ఉద్యోగము చేశాడు. ఇద్దరు స్నేహితులతో కలిసి ఆ ఉద్యోగము మాని, సొంతముగా ఒక కంపెనీ పెట్టాడు. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గినప్పుడు రైతు ఫోనుకు కబురు పంపే పరికరము వాళ్ళు తయారు చేస్తున్నారు. ఒక పోటీలో దానికి రెండవ బహుమతి వచ్చింది. వేదిక మీద తీసిన ఫొటో ఊరంతా చూసింది. ఆ ఆదివారము గుడిలో కృతజ్ఞతార్పణ కూడా చెల్లించారు. నెల తిరగకముందే కుమారుడు ఫోను చేసి, ఉన్న ఎకరము ముప్పై సెంట్లు తాకట్టు పెట్టి 12 లక్షలు తెమ్మన్నాడు. తండ్రి మౌనముగా ఉన్నాడు. ఆ తల్లి మమ్మల్ని అడిగిన మాట ఇది: "ఇవ్వకపోతే మాకు విశ్వాసము లేనట్టా?"

ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదని మా ఉద్దేశము. అందుకే దీనికి ఈ శీర్షికలోనే జవాబు వ్రాస్తున్నాము.

స్టార్టప్ అనగా ఏమిటి?

కిరాణా కొట్టు పెట్టినా, మెకానిక్ షెడ్డు పెట్టినా అది వ్యాపారమే. వాటికి దారి తెలిసినదే. ఇంతవరకు ఎవరూ సరిగా తీర్చని అవసరమును కొత్త పద్ధతితో తీర్చి, వేగముగా పెరగాలని మొదలుపెట్టే చిన్న కంపెనీని స్టార్టప్ అంటున్నారు. దారి కొత్తది గనుక తప్పిపోవడము కూడా ఎక్కువే.

ఇటువంటివారికి చోటు, సలహా, పరిచయాలు ఇచ్చే సంస్థలను ఇంక్యుబేటర్లు అంటారు. కోడిపిల్లలను పొదిగే యంత్రానికి ఉన్న పేరే ఇది. హైదరాబాదు గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో 2008లోనే ఇటువంటి కేంద్రము మొదలైంది. ఆ ఆవరణలోనే 2015 నవంబరు 5న తెలంగాణ ప్రభుత్వము టీ-హబ్‌ను ప్రారంభించింది. ఆ దినమున గవర్నరు నరసింహన్ గారు, రతన్ టాటా గారు వచ్చారు. 2022 జూన్ 28న రాయదుర్గములో దానికి పెద్ద భవనము తెరిచారు. స్త్రీలు పెట్టే కంపెనీలకు తోడుగా 2018 మార్చి 8న వీ-హబ్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 20న మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురములకు దాని శాఖలు ఏర్పాటయ్యాయి. సేద్యమునకు సంబంధించిన ఆలోచనలైతే పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్‌లోనూ, రాజేంద్రనగరులోని నార్మ్‌లోనూ వేరే కేంద్రాలున్నాయి. మన పల్లె పిల్లలకు ఈ చివరి రెండు పేర్లు తెలియడము మంచిది.

వీటి వలన మేలు జరగలేదని మేము అనము. హైదరాబాదులో 2018లో ఇద్దరు యువ ఇంజనీర్లు పెట్టిన స్కైరూట్ అనే కంపెనీ, 2022 నవంబరు 18న శ్రీహరికోటనుండి తన రాకెట్టును ఎగురవేసింది. మన దేశములో ఒక ప్రైవేటు కంపెనీ రాకెట్టు ఎగరడము అదే మొదటిసారి. చిన్న రైతులకు తక్కువ ఖర్చుతో చిన్న గ్రీన్‌హౌస్‌లు వేయించే ఖేతి అనే హైదరాబాదు సంస్థకు 2022లో ఎర్త్‌షాట్ బహుమతి లభించింది. ఆ బహుమతి 10 లక్షల పౌండ్లు. చేతిపని, జ్ఞానము దేవుడిచ్చే వరములేనని బెసలేలు చరిత్రలో మనము చదువుతాము. ప్రత్యక్ష గుడారమునకు లోహపు పని, చెక్కడపు పని చేయుటకు దేవుడు అతనిని తన ఆత్మతో నింపాడు (నిర్గమ. 31). మన పిల్లల చేతులకు నేర్పునిచ్చింది కూడా ఆయనే.

పిచ్ అనగా ఏమిటి?

క్రికెట్టు పిచ్ కాదు. డబ్బు పెట్టగలవారి ముందు నిలబడి, కొద్ది నిమిషాలలో తన కంపెనీ సంగతి చెప్పి, పెట్టుబడి అడగడాన్ని పిచ్ అంటారు. సాధారణముగా మూడునుండి ఐదు నిమిషాలు ఇస్తారు. వెనుక తెర మీద పదో పన్నెండో బొమ్మలు మారుతుంటాయి. అవసరము ఏమిటి, నీ దగ్గరున్న విరుగుడు ఏమిటి, ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, ఇంతవరకు ఎంతమంది కొన్నారు, మీరెవరు, ఎంత కావాలి అన్నవి చెప్పాలి. తరువాత న్యాయనిర్ణేతలు ప్రశ్నలు వేస్తారు. గంట మోగుతుంది, మైకు మరొకరికి వెళ్ళిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి పెద్దలు గ్రహించాలి. పోటీలో బహుమతి వచ్చుట వేరు, కంపెనీ నిలుచుట వేరు. చప్పట్లు కొట్టినవారు రొయ్యలు పెంచేవారు కారు. ఒక్క రైతు తన జేబులోని డబ్బు తీసి ఆ పరికరము కొని, మరుసటి పంటకు మళ్ళీ కొంటే, అది వంద చప్పట్లకంటే గట్టి సాక్ష్యము.

అక్కడ "ఏంజెల్" అనే మాట కూడా వినబడుతుంది. ఏంజెల్ అంటే మనకు దేవదూత. అక్కడ మాత్రము కొత్త కంపెనీలో తన సొంత డబ్బు పెట్టే ధనవంతుణ్ణి అలా అంటారు. పూర్వము న్యూయార్కు నాటకశాలల్లో నాటకాలకు డబ్బు పెట్టినవారిని అలా పిలిచేవారు, ఆ పేరే ఇక్కడికీ వచ్చింది. పేరు పరలోకపుదైనా, లెక్క ఈ లోకపుదే. లాభము వస్తుందని అతడు పెడతాడు. అది తప్పు కాదు, కాని దేవుడే ఆ మనిషిని పంపాడు గనుక కాగితము చదవకుండా సంతకము చేయవచ్చునని ఏ యౌవనస్థుడూ అనుకోకూడదు.

పాలు వేరు, అప్పు వేరు

ఈ వ్యాసములో మీరు ఒక్కటే గుర్తుంచుకొనగలిగితే, ఇది గుర్తుంచుకొనండి.

మన ఊళ్ళలో పొలము పాలుకు చేయడము తెలుసు, కౌలుకు చేయడము తెలుసు. పాలుకు చేస్తే పండినదానిలో వంతు. తుఫాను వచ్చి పంట పోతే ఇద్దరికీ పోయినట్టే. కౌలు మాట అలా కాదు. పండినా ఎండినా ఒప్పుకొన్న బస్తాలు కొలవాలి. పెట్టుబడిదారు డబ్బు పాలు వంటిది. అతడు కంపెనీలో వంతు తీసుకొంటాడు. కంపెనీ మూతపడితే, మోసము లేనప్పుడు, సాధారణముగా అతని డబ్బు అతనికి పోయినట్టే. పదింటిలో పెడితే ఎక్కువ భాగము పోతాయని, ఒకటో రెండో మిగిలినవాటి నష్టమును తీరుస్తాయని అతడు ముందే లెక్క వేసుకొంటాడు. అతడు పోగొట్టుకొనగలిగిన సొమ్మునే పెడతాడు.

భూమి తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము కౌలుకంటే కఠినమైనది. కంపెనీ మూతపడిన దినమున కూడా వడ్డీ నడుస్తుంది. దానిని పదింటిలో పెట్టడము లేదు, ఒక్కదానిలోనే పెడుతున్నాము. ధనవంతుడు తనకు మిగిలినది పెడుతుంటే, పేదవాడు తన తిరగలిని పెడుతున్నాడు. ఒకే కంపెనీలో ఇద్దరూ డబ్బు పెట్టినా, ఇద్దరి అపాయము ఒకటి కాదు.

మరొక లెక్క కూడా చూడండి. ఒక పెట్టుబడిదారు 20 లక్షలిచ్చి కంపెనీలో పదోవంతు తీసుకొంటే, ఆ కంపెనీ విలువ 2 కోట్లని చెప్పుకొంటారు. ఊరిలో "మీవాడు రెండు కోట్ల కంపెనీకి యజమాని" అంటారు. ఆ రెండు కోట్లు ఏ బ్యాంకులోనూ లేవు. ఉన్నది ఆ 20 లక్షలు మాత్రమే. అవి కూడా జీతాలకు, అద్దెకు, సామానుకు కరిగిపోతుంటాయి. ఈ మాట నమ్మి ఇంటిమీద అంతస్తు లేపినా, ఆడపిల్ల పెళ్ళికి అప్పు చేసినా ప్రమాదమే.

సంతకముల విషయము కూడా తెలిసికొనాలి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నమోదు చేస్తే, కంపెనీ అప్పు సాధారణముగా కంపెనీ ఆస్తివరకే ఉంటుంది. అయితే అప్పుపత్రములో తండ్రి హామీదారుగా సంతకము చేస్తే, ఆ అప్పు నేరుగా తండ్రి వాకిట్లోకి వస్తుంది. ఇతరుల అప్పుకు పూటబడినవాని గతిని సామెతల గ్రంథము 6వ, 22వ అధ్యాయములలో చదవండి. చెల్లించలేనివాని క్రిందనుండి పడకను కూడా లాగుకొని పోతారని అక్కడ హెచ్చరిక ఉంది.

భూమి తాకట్టు లేని మార్గాలను ముందుగా వెదకాలి. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ముద్రా పథకములో చిన్న వ్యాపారాలకు పూచీకత్తు ఆస్తి లేకుండా 10 లక్షల వరకు అప్పు ఏర్పాటు చేశారు. అందులో తరుణ్ అప్పు సక్రమముగా తీర్చినవారికి 2024లో ఆ పరిమితిని 20 లక్షలకు పెంచారు. అది కూడా తీర్చవలసిన అప్పే, కాని పొలము దానిలో చిక్కుకొనదు. కేంద్ర ప్రభుత్వము 2021లో 945 కోట్లతో స్టార్టప్ సీడ్ ఫండ్ పథకము పెట్టింది. ఎంపికైన ఇంక్యుబేటర్ల ద్వారా, ఆలోచన పనిచేస్తుందో లేదో పరీక్షించుకొనుటకు 20 లక్షల వరకు గ్రాంటు ఇచ్చే ఏర్పాటు దానిలో చేశారు. దరఖాస్తుకు ముందు ఏ పథకము నడుస్తున్నదో, ఏ నియమములున్నవో ఇంక్యుబేటరులోనూ బ్యాంకులోనూ అడిగి తెలిసికొనాలి.

ఆ తల్లికి మా జవాబు

అమ్మా, భూమి తాకట్టు పెట్టకపోవుట అవిశ్వాసము కాదు. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి, ముగించుటకు సరిపడ సొమ్మున్నదో లేదో లెక్క చూసుకొంటాడని మన ప్రభువే చెప్పాడు (లూకా 14:28-30). లెక్క చూసుకొనుటను ఆయన తప్పు పట్టలేదు. లెక్క చూడక పునాది వేసి విడిచినవాడే నవ్వులపాలవుతాడని చెప్పాడు. "ఫలాని పట్టణమునకు వెళ్తాము, వ్యాపారము చేస్తాము, లాభము తెస్తాము" అని రేపటిని చేతిలో పట్టుకొన్నట్టు మాట్లాడేవారిని యాకోబు భక్తుడు కూడా హెచ్చరించాడు (యాకోబు 4:13-15). "నీ కుమారునికి పెట్టుబడి వస్తుందని ప్రభువు చూపించాడు, సంశయింపక ఇవ్వు" అని ఎవరైనా చెప్తే, వారిని కూడా ఆ హామీపత్రము మీద సంతకము చేయమని అడిగి చూడండి.

అలాగని మీ అబ్బాయిని నిరుత్సాహపరచవద్దు. తలాంతును భూమిలో పాతిపెట్టినవాడు కూడా ప్రభువు మెప్పు పొందలేదు. పెద్దలు ఇవ్వగలిగినవి భూమి ఒక్కటే కాదు. ఇంటి అన్నము ఇవ్వవచ్చు. అద్దె మిగిలేటట్లు కొంతకాలము ఊరిలోనే ఉండి పని చేసికొనుమనవచ్చు. తిరిగి రాకపోయినా పొయ్యి ఆరదని తేలిన చిన్న మొత్తము ఇవ్వవచ్చు. అది ఇచ్చేటప్పుడు అప్పని కాక, కానుకని చెప్పి ఇవ్వండి.

మీ ఉత్తరములో ఒక వాక్యము దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాము. మీ భర్త పదేళ్ళు రొయ్యల చెరువుల దగ్గర పనిచేశారట. ఏ రాత్రి నీళ్ళ రంగు మారుతుందో, రొయ్యలు ఎప్పుడు గట్టుకు చేరుతాయో, కరెంటు పోయినప్పుడు ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. కాని ఈ పరికరము గురించి కుమారుడు ఆయనను ఒక్క ప్రశ్న కూడా అడగలేదట. న్యాయనిర్ణేతల ముందు ఐదు నిమిషాలు మాట్లాడినవాడు తండ్రి దగ్గర ఒక సాయంకాలము కూర్చుండలేకపోయాడు. ఆ కంపెనీకి మీ భూమికంటే మీ భర్తకు తెలిసిన సంగతులే ఎక్కువ అవసరమని మేము అనుకొంటున్నాము. కుమారుని వెంటబెట్టుకొని పది చెరువుల గట్లు తిరగమని ఆయనతో చెప్పండి. ఎంతమంది రైతులు డబ్బిచ్చి కొంటామంటారో ఆ నెలలోనే తేలుతుంది.

ఇంటినుండి పుట్టిన ఆలోచన ఎంత దూరము వెళ్ళగలదో ఆలేరు దగ్గరి చేనేత కుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశం గారిని చూస్తే తెలుస్తుంది. పోచంపల్లి చీరకు ఆసు పోయుటలో ఆయన తల్లి లక్ష్మి గారి చేయి వేలసార్లు ఆడవలసి వచ్చేది. భుజము నొప్పితో ఆమె బాధపడడము ఆ కుమారుడు చూశాడు. పెద్ద చదువు లేదు. డబ్బు చాలక పని మధ్యలో ఆగింది, ఊరివారు నవ్వారు. అయినా విడువక ఏళ్ళ తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రమును పూర్తి చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆయన మొదట కనిపెట్టింది యంత్రమును కాదు, తల్లి నొప్పిని.

యౌవనస్థులకు ఒక మాట

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, వేదిక మీద మాట పెరుగుతుంది. పది పరికరాలు అమ్మితే "వందలాది రైతులు" అనబుద్ధి అవుతుంది. ఇంకా తయారు కానిది తయారైనదని చెప్పబుద్ధి అవుతుంది. అందరూ అంతేనని స్నేహితులు కూడా అంటారు. ఈ దారి ఎక్కడికి పోతుందో చూడండి. అమెరికాలో ఎలిజబెత్ హోమ్స్ అనే యువతి 2003లో పందొమ్మిదేళ్ళ ప్రాయములో థెరానోస్ అనే కంపెనీ పెట్టింది. కొద్ది చుక్కల రక్తముతో ఎన్నో పరీక్షలు చేస్తామని చెప్పి, కోట్ల డాలర్లు సేకరించింది. యంత్రము ఆమె చెప్పినట్లు పని చేయలేదు. 2022 జనవరిలో పెట్టుబడిదారులను మోసగించిన నేరము రుజువైంది, ఆ నవంబరులో పదకొండేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. మొదటి దినమే ఆమె మోసము చేయాలని బయలుదేరిందో లేదో మనుష్యులు చెప్పలేరు. అవునంటే అవును, కాదంటే కాదని పలకవలెనని నేర్పిన ప్రభువుకు పిచ్ వేదిక మినహాయింపు కాదు.

మీరు చేయవలసిన మొదటి పిచ్ ఇంటిలోనే. తెర అక్కరలేదు, ఇంగ్లీషు అక్కరలేదు. అమ్మకు, నాన్నకు అర్థమయ్యే తెలుగులో ఈ ఐదింటికి జవాబు చెప్పండి:

1. ఇది ఎవరి కష్టమును తీరుస్తుంది? వారితో ఎన్నిసార్లు కూర్చుండి మాట్లాడావు?
2. ఇంతవరకు ఎంతమంది సొంత డబ్బుతో కొన్నారు?
3. చేతిలో ఉన్న సొమ్ము ఎన్ని నెలలు వస్తుంది?
4. స్నేహితుల మధ్య వంతులు కాగితము మీద వ్రాసుకొన్నారా? ఒకరు విడిచిపోతే ఏమవుతుంది?
5. ఏ దినమువరకు చూస్తావు? అప్పటికి నిలువకపోతే ఏమి చేస్తావు?

ఐదవదానికి జవాబు లేనివానికి ఎవరూ భూమి కాగితములు ఇవ్వకూడదు. ఉన్నవానికి సాధారణముగా వాటి అవసరము రాదు.

ఓడి వచ్చిన బిడ్డ

చివరిగా తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు ఒక మనవి. ఈ కంపెనీలలో ఎక్కువ భాగము నిలువవు. కంపెనీ మూసిన పిల్లవాడు క్రిస్మసుకు ఊరు రాడు. సెలవు దొరకలేదని ఫోనులో చెప్తాడు. వస్తే గుడి బయట "ఇప్పుడేమి చేస్తున్నావు బాబూ?" అని అందరూ అడుగుతారని అతని భయము. బహుమతి వచ్చిన దినమున ఫొటో చూసినవారందరూ అక్కడే ఉంటారు. సిగ్గుతో ఒంటరియై ప్రాణము మీదికి తెచ్చుకొనే పిల్లలు కూడా ఉన్నారని మరచిపోవద్దు.

నిజాయితీగా కష్టపడి ఓడిపోవుట పాపము కాదు. గెలిచినప్పుడు కృతజ్ఞతార్పణ అందుకొన్న సంఘము, ఓడినప్పుడు ఆ ఇంటికి వెళ్ళి కూర్చుండాలి. తండ్రి ముందుగా ఫోను చేయాలి. లెక్కలు తరువాత అడగవచ్చు, మొదట అన్నము తిన్నావా అని అడగాలి. భూమిని కాపాడుమని మేము చెప్పడములో ముఖ్యమైన కారణము కూడా ఇదే. పొలము, ఇల్లు నిలిచి ఉంటే బిడ్డ తిరిగి రావడానికి ఒక వాకిలి ఉంటుంది. అది కూడా పోతే, తండ్రి ముఖము చూడలేక బిడ్డ, బిడ్డ ముఖము చూడలేక తండ్రి ఉండిపోతారు. తిరగలి ఆ ఇంట ఉండాలని దేవుడు ఆజ్ఞాపించినది ఊరకనే కాదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో లూకా 14:28-30, మత్తయి 25:14-30 చదవండి. చదివిన తరువాత పిల్లలను మాట్లాడనివ్వండి, పెద్దలు వినండి. పట్టణములలో పని వెదకుచున్న, కంపెనీలు నడుపుచున్న మన సంఘ యౌవనస్థులను పేరు పేరున జ్ఞాపకము చేసికొని ప్రార్థించండి. వారి చేతులకు నేర్పును, నాలుకకు సత్యమును ప్రభువు దయచేయును గాక. ఆమేన్.